సభలో మబ్బు పట్టింది

ఒక పెద్ద అడవిలో, మరీ అంత పెద్దదేం కాదు లెండి, ఏనుగు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి అవతలి వాగు దగ్గర తేలేంత అడవిలో, ఒక సభ ఉండేది. మనకున్నట్టే వాళ్లకీ అధ్యక్షుడు, కార్యదర్శి, నిపుణుడు, తీర్మానాలు, చప్పట్లు అన్నీ ఉండేవి. ఒక్క కుర్చీలే లేవు. కుర్చీల కోసం కొట్టుకునే వీలు లేక పాపం నిలబడే కొట్టుకునేవాళ్లు.

అధ్యక్షుడు భద్రగిరిగారు. ఏనుగు. మనిషి మంచివాడు. ఏనుగుని పట్టుకుని మనిషి అంటావేంటని అడక్కండి, కథ చెబుతుంటే నోటికి అలా వచ్చేస్తుంది.

భద్రగిరిగారు రోజంతా మేస్తూనే ఉంటారు. అంత మేసినవాళ్లు ఊరికే ఉంటారా? రోజుకి పదిహేనుసార్లు పేడ వేస్తారు. ఏనుగు వేస్తే లద్దె అనాలని కొందరంటారు, మనం పేడ అనేసుకుందాం. ఆ పదిహేనులో నాలుగైదు సభ జరుగుతుండగానే పడతాయి. దభ్ మని.

ఇక్కడే ఆ అడవి ఆనవాయితీ ఒకటి మీకు చెప్పాలి. అధ్యక్షులవారు పేడ వేస్తుంటే చూడటం మర్యాద కాదని ఏ తాతల కాలంలోనో ఎవరో అన్నారట. అప్పట్నించీ దభ్ మని చప్పుడు కాగానే సభలో ఉన్నవాళ్లంతా తలలు పైకెత్తి ఆకాశంలోకి చూసి, ఒక్క గొంతుతో "మబ్బు పట్టింది" అనాలి. ఎర్రటి ఎండలో మాడు పగిలిపోతున్నా సరే, మబ్బు పట్టిందనే అనాలి. కొత్తగా పుట్టినవాళ్లకి అది ఎందుకంటున్నామో కూడా తెలీదు. చప్పుడైతే పైకి చూడాలి, అంతే.

దాంతో ఏమైందంటే, పేడ ఎక్కణ్నించి పడుతోందో చూసిన జంతువు నేలమీద ఒక్కటీ లేకుండా పోయింది. అందరూ తల దించేసరికి కింద పేడ ఉండేది. పేడ చుట్టూ పేడపురుగులు ఉండేవి.

ఆ పేడపురుగుల్లో ఒకావిడ పేరు దొర్లమ్మ. బొటనవేలి గోరంత ఉంటుంది. నల్లగా, నిగనిగలాడుతూ, ఎప్పుడూ హడావుడిగా ఉంటుంది. పేడని ఉండ చేసి, వెనక్కాళ్లతో దొర్లించుకుంటూ పోయి, జానెడు లోతు గొయ్యి తీసి పాతిపెట్టడం వాళ్ల ఇంటాచారం. ఆ తొలకరికి దొర్లమ్మ ఏడు ఉండలు చేసి, ఒక్కో దాంట్లో ఒక్కో గుడ్డు పెట్టి, సభ జరిగే మైదానంలోనే తూర్పువైపు పాతుకుంది. రోజూ లోపలికి దిగి ఏడు ఉండల్నీ తడిమి, పట్టిన బూజు గీకి, మట్టి సర్ది పైకొచ్చేది. ఆ బూజు గీకకపోతే లోపలున్న పిల్లకి ఊపిరాడదు. అదీ ఆవిడ కాపురం.

ఒకనాడు సభలో భద్రగిరిగారు గొంతు సవరించుకున్నారు.

"మూడు వారాల్లో పక్క అడవివాళ్లు మన అడవిని చూడటానికొస్తున్నారు. శుభ్రంగా ఉంటే మెడలో దండ వేసి మెచ్చుకుంటారట. మరి మన మైదానం చూస్తే ఎప్పుడూ పేడే. నాకో చిన్న సందేహం ఎప్పట్నించో ఉంది. ఈ పేడ అసలు ఎక్కణ్నించి వస్తోందయ్యా?"

అదే సమయానికి దభ్ మని చప్పుడైంది.

"మబ్బు పట్టింది!" అన్నారందరూ పైకి చూస్తూ.

"చూశారా, మళ్లీ వచ్చింది!" అన్నారు భద్రగిరిగారు, కిందికి చూసి బోలెడంత ఆశ్చర్యపోతూ. వేళాకోళం కాదండోయ్. ఆయనకి నిజంగానే తెలీదు. అంత ఒళ్లున్నవాళ్లకి వెనక ఏం జరుగుతోందో ఎలా కనిపిస్తుంది చెప్పండి.

పైన చెట్టుకొమ్మ మీంచి కిసుక్కున నవ్వు వినిపించింది. అది కొండముచ్చు సుందరమ్మది. సభలో నవ్వినందుకు ఆవిణ్ని ఏనాడో వెళ్లగొట్టేశారు. అప్పట్నించీ చెట్టెక్కి కూచుని అంతా పైనుంచి చూస్తుంటుంది. నిజానికి అందరూ మబ్బు కోసం పైకి చూసినప్పుడల్లా కనిపించేది సుందరమ్మ తోకే.

"విచారణ సంఘం వేద్దాం!" అన్నాడు కార్యదర్శి జపమూర్తి.

జపమూర్తి కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు సగం మూసుకుని మాట్లాడతాడు. సంఘంలో ఇంకో సభ్యుడు ఆచార్య ఉలూకం, గుడ్లగూబ, ఆ అడవికంతటికీ ఒకే ఒక్క నిపుణుడు. సభలన్నీ పట్టపగలు జరుగుతాయి కాబట్టి ఆయన ఇంతవరకూ ఒక్క సభలోనూ మెలకువగా ఉన్న పాపాన పోలేదు. నిద్రలో తల వాలితే ఒప్పుకున్నట్టు, వాలకపోతే కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు.

జపమూర్తి పని ఎంత చురుగ్గా ఉంటుందంటే, నివేదిక ముందు రాసేసి విచారణకి తర్వాత బయల్దేరతాడు. ముందు విచారణ చేస్తే లేనిపోని సంగతులు బయటపడి నివేదిక ఆలస్యమవుతుందని ఆయన అనుభవం. ఈసారీ తాటాకు మీద అంతా రాసుకుని, చంకలో పెట్టుకుని, మైదానమంతా ఓ చుట్టు తిరిగి పావుగంటలో వచ్చేశాడు.

"అధ్యక్షా! పేడ ఉన్న చోటల్లా పేడపురుగు ఉంది. పేడ లేని చోట పేడపురుగు లేదు. కాబట్టి పేడ వేస్తున్నది పేడపురుగులే. రేపు సాయంత్రానికి వాళ్లందర్నీ వాగు దాటించాలి. ఆచార్యులవారూ, మీరేమంటారు?"

ఉలూకం తల వాలింది.

"ఒప్పుకున్నారు!" అన్నాడు జపమూర్తి. అందరూ చప్పట్లు కొట్టారు.

దొర్లమ్మకి ముందు తన గూడే గుర్తొచ్చింది. వాగు దాటితే తన ఏడు ఉండలేం కావాలి? తవ్వి తీసుకెళ్తే దారిలో ఎండకి ఎండిపోతాయి. వదిలేస్తే బూజు పట్టి చస్తాయి. అటూ కాదు, ఇటూ కాదు. గబగబా ఒక రాయి మీదికి ఎక్కింది.

"అయ్యా, కార్యదర్శిగారూ! వాన పడ్డ చోటల్లా కప్పలు అరుస్తాయి. అంటే వానని కప్పలే కురిపిస్తున్నట్టా?"

"ఆ విచారణ కూడా నా దగ్గరే ఉందమ్మా. కప్పలదే తప్పని తేలింది. రోజూ ఉదయం, సాయంత్రం వాళ్లమీద చర్య తీసుకుంటూనే ఉన్నాను" అన్నాడు జపమూర్తి, ముక్కు తుడుచుకుంటూ.

"పోనీ నన్ను చూడండి. నేనెంత? ఆ కుప్ప ఎంత? నా ఒంట్లోంచి అంతది వస్తే నేను మిగులుతానా?"

"ఒక్కదానివి కాదుగా. మీరు వందలమంది. అంతా కూడబలుక్కుని వేస్తున్నారు."

"మేం వెయ్యమండీ బాబూ, తీస్తాం! తిని, ఉండలు చేసి, మట్టిలో పెడతాం!"

"తీసేవాళ్లే ఉంటే పేడ ఎందుకు కనిపిస్తుందమ్మా?" అన్నాడు జపమూర్తి. జింకలన్నీ ఒక్కసారిగా తలలాడించాయి. జింకలకి ఎవరు చివర మాట్లాడితే వాళ్లదే సబబనిపిస్తుంది. వాటి స్వభావం అంత.

దొర్లమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఈ కొంగతో వాదించి లాభం లేదు. పొగిడితే ఏమైనా వినచ్చు.

"అయ్యా, మీ నివేదిక అద్భుతంగా ఉంది. ఒక్కటే లోటు. 'పరీక్ష చేసి తేల్చడమైనది' అన్న మాట లేదు. పక్క అడవివాళ్లు అడిగితే ఎలా?"

జపమూర్తి పైకెత్తిన కాలు కిందపెట్టాడు. ఆ మాట ఆయనకి మహా నచ్చింది. తాటాకు మీద అది ఎంత అందంగా కనిపిస్తుందో అప్పుడే ఊహించేసుకున్నాడు.

"పరీక్ష అంటే ఏం చెయ్యాలి?" అన్నారు భద్రగిరిగారు ముందుకొస్తూ.

"ఏం లేదండీ. మైదానాన్ని రెండు సగాలు చేద్దాం. ఒక సగంలో మేం ఉంటాం. ఇంకో సగంలో ఒక్క పేడపురుగు కూడా ఉండకూడదు. మిగతాదంతా ఒకేలా ఉండాలి. అదే గడ్డి, అదే వాన, అవే జంతువులు. తేడా ఒక్కటే ఉండాలండీ. రెండు తేడాలుంటే దేనివల్ల ఏం జరిగిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మూడు వారాలయ్యాక ఏ సగం ఎలా ఉందో చూద్దాం. పేడ వేసేది మేమే అయితే మేం లేని సగం అద్దంలా ఉంటుంది కదా?"

"ఉండకేం! ఉంటుందని రాసేశాను కూడా" అన్నాడు జపమూర్తి.

"ఇంకొక్క మాట. భద్రగిరిగారు ఒకరోజు తూర్పున, ఒకరోజు పడమర నిలబడి సభ జరపాలి" అంది దొర్లమ్మ.

"అధ్యక్షులవారికీ దీనికీ ఏమిటి సంబంధం?" అన్నాడు జపమూర్తి.

"అబ్బే, ఏం లేదండీ. ఆయన నిలబడితే ఆ సగానికి ఓ నిండుదనం."

చెట్టు మీద సుందరమ్మ నోట్లో తోక కుక్కుకుని నవ్వు ఆపుకుంది. పడిన ప్రతి కుప్పకీ తీగకి ఒక ముడి వేసే పని ఆవిడ ఒప్పుకుంది. తూర్పుకి ఒక తీగ, పడమరకి ఒక తీగ.

జపమూర్తి ముక్కుతో మైదానం మధ్యలో గీత గీశాడు. గీసి, తూర్పువైపు రెక్క చాపి, "పేడపురుగులు లేని సగం ఇది!" అన్నాడు.

దొర్లమ్మ ఏడు ఉండలూ ఉన్నది ఆ తూర్పు సగంలోనే.

"అయ్యా, తూర్పు వద్దండీ! పడమర ఖాళీ చేస్తాం."

జపమూర్తి మెడ మూడు వంకర్లు తిప్పి కిందికి చూశాడు. "ఎందుకమ్మా? తూర్పున ఏం దాచావు?"

గుడ్లున్నాయని చెబితే ఈ కొంగ ఏం చేస్తాడో ఆవిడకి తెలుసు. సాక్ష్యాధారాలంటూ ముక్కుతో పొడిచి బయటికి లాగుతాడు.

"ఏం లేదండీ. ఊరికే అన్నా" అంది.

అలా పరీక్ష మొదలైంది.

మొదటి రోజు నుంచీ పడమర సగంలో ఒకటే సందడి. దభ్ మంటే చాలు, పేడపురుగులు ఝుమ్మని దిగిపోయేవి. కొందరు తినేవాళ్లు, కొందరు ఉండలు చుట్టేవాళ్లు, కొందరు పక్కవాడు చుట్టిన ఉండని కొట్టేసి పరిగెత్తేవాళ్లు. వాళ్లలోనూ అన్ని రకాలూ ఉన్నాయి మరి. మర్నాటికల్లా కుప్ప మాయం, కింద మట్టి గుల్ల. వాన పడితే చుక్క కూడా పారకుండా లోపలికి దిగిపోయేది. వారం తిరిగేసరికి గడ్డి మోకాలెత్తు లేచింది. భద్రగిరిగారు అడవంతా తిరిగి తిన్న వెలక్కాయల గింజలు పేడతో పాటు మట్టిలోకి పోయి, అక్కడక్కడా లేత మొక్కలై తలెత్తాయి.

తూర్పు సంగతి చెప్పక్కర్లేదు. పడిన పేడ పడినట్టే ఉంది. పైన ఎండి పెచ్చులు కట్టింది, లోపల ఈగలు గుడ్లు పెట్టాయి. కింద గడ్డి ఊపిరాడక పసుపుపచ్చగా చచ్చింది. వాన నీళ్లు నేలలోకి దిగే దారి లేక పచ్చటి రసంలా పారాయి. ఈగలు ఎన్నంటే, రోజుమార్చి రోజు తూర్పున సభ జరిగినప్పుడు మాట్లాడటానికి నోరు తెరిస్తే ఉపన్యాసం లోపలికే పోయేది. జింకలు మెల్లిగా ఒకటొకటే పడమరకి జారుకున్నాయి.

"తూర్పు ఎలా ఉందంటారు?" అని ఎవరైనా అడిగితే జపమూర్తి తాటాకు తీసి చూసేవాడు. "శుభ్రంగా ఉంది. రాసి ఉంది" అనేవాడు, కంటి మీద వాలిన ఈగని తోలుకుంటూ.

దొర్లమ్మ మాత్రం పడమర సగంలో ఉండలు చుట్టకుండా, గీత పక్కనే కూచుని తూర్పుకి చూస్తుండేది. జానెడు దూరం కూడా లేదు, తన కాళ్లతో పదడుగులు వేస్తే గూడు. అయిదో రోజున ముసురు పట్టింది. ఇలాంటి తడిలోనే బూజు విజృంభిస్తుంది.

సుందరమ్మ కొమ్మ దిగి కిందికొచ్చింది. "ఏం వదినా, అలా ముడుచుకుపోయి కూచున్నావ్? పోయి చూసుకునిరా. అందరూ వానకి చెట్ల కింద నక్కారు. ఎవరూ చూడరు. నేను చూసినా చెప్పను."

"పోలేను సుందరమ్మా."

"ఎందుకు పోలేవ్? నీ పిల్లలేగా!"

"నేను ఆ గీత దాటితే పేడపురుగు లేని సగంలో పేడపురుగు ఉన్నట్టే కదా. అప్పుడది పరీక్షెలా అవుతుంది? రేపు నేను చెప్పేదాంట్లోనూ, ఆ కొంగ చెప్పేదాంట్లోనూ తేడా ఏముంటుంది? ఇద్దరం ముందే తేల్చుకుని వచ్చినవాళ్లమే అవుతాం."

"అబ్బో, ధర్మరాజు చెల్లెలివి!" అంది సుందరమ్మ, కోపంగా. మళ్లీ వెంటనే మెత్తబడి, "పోనీ నేను తవ్వి చూడనా?" అంది.

"వద్దు తల్లీ, నీ చేతులు పడితే ఉండలు చితికిపోతాయి. వందలమందికి ఇళ్లు ఉన్నాయి ఇక్కడ. పరీక్ష చెడితే అందర్నీ వాగు దాటిస్తారు. నా ఏడుగురి కోసం అందరి పిల్లల్నీ చంపుకోనా?"

అని దొర్లమ్మ ఏడ్చింది. పేడపురుగు ఏడిస్తే ఎన్ని కన్నీళ్లొస్తాయి, గడ్డికొసన మంచుబొట్టులో సగం. అయినా ఏడుపు ఏడుపే కదండీ. సుందరమ్మ పక్కనే కూచుని, తన తోకని ఆవిడ మీద గొడుగులా పట్టింది.

మూడు వారాలు గడిచాయి. ఆ రోజు రానే వచ్చింది.

పక్క అడవినుంచి వచ్చిన బృందానికి పెద్ద కాటుకమ్మ. అడవిదున్న. కొండలాంటి మనిషి, పాలలాంటి మనసు, నోటికి మాత్రం తలుపు లేదు. కొమ్ముకి దండ తగిలించుకుని పదిమందితో దిగింది. జపమూర్తి ఎదురెళ్లి, వంగి వంగి దండాలు పెట్టి, వాళ్లని తిన్నగా తూర్పు సగంలోకి తీసుకెళ్లాడు. నివేదికలో శుభ్రంగా ఉన్నది అదే మరి.

"అయ్యా కొంగగారూ, నా కాళ్లేవి?" అంది కాటుకమ్మ కిందికి చూసుకుని. మోకాళ్ల దాకా దిగిపోయింది.

"మెత్తటి నేలమ్మా. అతిథుల కోసం ప్రత్యేకం" అని జపమూర్తి తాటాకు విప్పాడు. "పరీక్ష చేసి తేల్చడమైనది. ఈ తూర్పు సగంలో పేడపురుగులు లేనందున..." అనేలోపు నోట్లోకి మూడు ఈగలు పోయాయి. ఉక్కిరిబిక్కిరై దగ్గుతూనే మిగతాది చదివాడు.

భద్రగిరిగారు స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు. "మా అడవి గాలి మంచిది. మా అడవి నీరు మంచిది. మా అడవిలో..."

దభ్!

"మబ్బు పట్టింది!" అంది సభంతా, తలలు పైకెత్తి.

అతిథులకి ఆ ఆనవాయితీ ఏం తెలుసు? వాళ్లు చప్పుడైన వైపు చూశారు. అంతే, తాతల కాలంనుంచీ ఆ అడవిలో నేలమీద ఎవరూ చెయ్యని పని ఒక్క రెప్పపాటులో అయిపోయింది.

"భద్రగిరిగారూ, ఏమీ అనుకోకండి. మీరు పేడ వేశారు" అంది కాటుకమ్మ.

ఎత్తిన తలలు ఎత్తినట్టే ఉండిపోయాయి. కొన్నిటికి మెడలు పట్టేశాయి కూడా.

"మబ్బండీ అది" అన్నాడు జపమూర్తి, సన్నగా.

"మబ్బేంటయ్యా నీ మొహం! ఇంకా పొగలు కక్కుతోంది!"

"నేనా?" అన్నారు భద్రగిరిగారు. "నేనే?"

వెనక్కి తిరిగి చూద్దామని ఇటు తిరిగారు. వెనక కూడా ఆయనతో పాటే తిరిగింది. అటు తిరిగారు. అదీ అటే తిరిగింది. అలా గుండ్రంగా మూడు చుట్లు తిరిగేసరికి తన కుప్ప మీదే కాలు వేసి, సర్రున జారి, మైదానమంతా ఒక్క ఊపున దూసుకుపోయి, గీత దాటి పడమర సగంలో పచ్చగడ్డి మీద చతికిలబడ్డారు. ఆయన దారిలో ఉన్నవాళ్లంతా పేడతో అభిషేకం అయిపోయారు. ఒక గుప్పెడు వెళ్లి ఆచార్య ఉలూకం ముక్కున తగిలింది.

నిపుణుడు కళ్లు తెరిచాడు. పదేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

"ఏనుగు పేడ" అన్నాడు, వాసన చూసి. మళ్లీ నిద్రపోయాడు.

ఆ సంఘం మొత్తం మీద శాస్త్రీయంగా తేల్చింది ఆ ఒక్క ముక్కే.

సుందరమ్మ చెట్టు మీంచి ఒక్క దూకు దూకి రెండు తీగలూ చాపింది. "తూర్పున నలభై రెండు ముళ్లు. పడమర నలభై నాలుగు. రెండు చోట్లా పడింది దాదాపు సమానమే. అన్నీ ఒకే చోటునుంచి పడ్డాయి. ఆ చోటు పేరు చెప్పమంటే చెబుతా!"

కాటుకమ్మ కాళ్లు పీక్కుంటూ గీత దాకా వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. "వాన ఒకటే, గడ్డి ఒకటే, పడిందీ ఒకటే. ఇక్కడ పేడపురుగులు లేవు, నరకం. అక్కడ ఉన్నాయి, నందనవనం. ఇంకేం కావాలయ్యా మీకు?"

భద్రగిరిగారు గడ్డిలో కూచునే అన్నారు. "అయితే వేసేది నేను, తీసేది వీళ్లా? ఇన్నేళ్లుగా నాకొక్కళ్లూ చెప్పలేదేమయ్యా?"

"చప్పుడైనప్పుడల్లా మబ్బు పట్టిందని మనవి చేస్తూనే ఉన్నాం కదండీ" అన్నాడు జపమూర్తి.

ఇదంతా జరుగుతుంటే దొర్లమ్మ అక్కడ లేదు. పరీక్ష అయిపోయిందన్న మాట చెవిన పడ్డ మరుక్షణం గీత దాటి పరిగెత్తింది. తీరా వెళ్లి చూస్తే ఏముంది, గూడు ఉన్న చోట సరిగ్గా దాని మీదే కుప్పల మీద కుప్పలు పడి, ఎండి, కొండలా గట్టిపడిపోయి ఉంది. గీకింది. పొడిచింది. తల పెట్టి తోసింది. ఇసుమంత కదల్లేదు.

"ఎవరైనా రండర్రా!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ గొంతు ఎంతని వినిపిస్తుంది?

భద్రగిరిగారికి వినిపించింది. ఏనుగు చెవులు కదా. లేచి వచ్చి సంగతి విన్నారు. తొండం చాపి, పెచ్చు తర్వాత పెచ్చు, నిద్రపోయే పసివాడి మీంచి దుప్పటి తీసినంత మెల్లిగా తీశారు.

దొర్లమ్మ లోపలికి దిగింది. ఏడు ఉండలూ వరసగా ఉన్నాయి. ముందుకాలితో మొదటిదాన్ని తట్టింది. జవాబు లేదు. నిండా తెల్లటి బూజు. రెండోదాన్ని తట్టింది. అదీ అంతే. మూడోదాన్ని తట్టడానికి కాలు రాలేదు.

చివరికి తట్టింది.

లోపల్నించి గర్‌మని చిన్న గీకుడు వినిపించింది.

నాలుగు, గర్. అయిదు, గర్. ఆరు, గర్. ఏడోవాడైతే అమ్మ వచ్చిందని గర్ గర్ గర్‌మని ఇల్లు ఎగరగొట్టేశాడు. దొర్లమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. అయిదు ఉండల బూజూ గబగబా గీకింది. మిగతా రెంటినీ అక్కడే మట్టి కప్పి, ఆ పక్కనే దొరికిన రెండు వెలగ గింజల్ని వాటి మీద పెట్టింది.

పైకొచ్చేసరికి దండ ఎవరి మెడలో వెయ్యాలన్న గొడవ జరుగుతోంది. సంఘం తరఫున జపమూర్తి అప్పటికే మెడ చాపి ఉన్నాడు. నివేదికలో ఒక్క మాట మాత్రం కొట్టేసి మార్చాడు. 'పేడకి పేడపురుగులే కారణం' అన్నచోట 'శుభ్రతకి పేడపురుగులే కారణం' అని. మిగతా నివేదికంతా సరిగ్గా సరిపోయింది. కాటుకమ్మ ఆయన మెడని పక్కకి తోసి, దండలోంచి ఒక్క పూరేకు తుంచి దొర్లమ్మ వీపు మీద పెట్టింది. మిగతా దండ అలవాటు కొద్దీ తినేసింది.

మర్నాడు సభలో భద్రగిరిగారు ఖచ్చితంగా చెప్పారు. "ఇకమీదట ఎవరూ పైకి చూడొద్దు. ఉన్నది ఉన్నట్టు చూడండి."

జపమూర్తి ఆ ముక్కని అలాగే రాసుకుంటే మన కథ ఇక్కడ అయిపోయేది. ఆయన దాన్ని ఉత్తర్వుగా మార్చాడు. చప్పుడు కాగానే అందరూ తలలు కిందికి దించి, "ఎరువు పడింది, ధన్యులమయ్యాం" అనాలి. అధ్యక్షులవారు చాలు అనేదాకా తల ఎత్తకూడదు. "మబ్బు పట్టింది" అన్న మాట ఇకమీదట నిషిద్ధం.

దభ్!

"ఎరువు పడింది, ధన్యులమయ్యాం!" అని సభంతా తలలు దించింది, అధ్యక్షులవారూ దించి, చాలు అనడం మరిచిపోయారు. అలా దించి ఉండగా పడమటి కొండ మీద నల్లగా, కాటుకలా, నిజం మబ్బు లేచింది.

"ఒరేయ్, మబ్బు పట్టిందిరా! వాగు పొంగుద్ది, గట్టెక్కండ్రా!" అని సుందరమ్మ చెట్టు మీంచి గావుకేక పెట్టింది.

"నిషిద్ధ పదం! రాసుకోండి!" అన్నాడు జపమూర్తి, తల ఎత్తకుండానే.

దొర్లమ్మ ఒక్కతే తలెత్తి చూసింది. చూసి, అయిదు ఉండల్నీ గొయ్యిలోంచి పైకి లాగి, ఒకటొకటిగా వెనక్కాళ్లతో దొర్లించుకుంటూ, ఒగరుస్తూ, నవ్వుకుంటూ మెరక మీది చెట్టు కిందికి చేర్చుకుంది. ఆఖరి ఉండ గట్టెక్కిన కాసేపటికి వాగు సభలోకి వచ్చింది. సభ్యులు మెడలోతు నీళ్లలో కొట్టుకుపోతూ, తలలు ఇంకా దించి, ఎరువు ఎక్కడుందా అని వెతుకుతూనే ఉన్నారట.

నీతి: సభ ఎటు చూడమంటే అటే చూడండి, నిజం ఎప్పుడూ రెండోవైపు ఉంటుంది కాబట్టి, దాన్ని చూసే ప్రమాదం మీకు రాదు.